సుషీకి ఏ చేప: ఫ్రీజర్‌దా, ఐసు పెట్టెదా?

హైదరాబాద్‌లో సుషీ (ఎక్కువగా పచ్చి చేపతో చేసే జపాన్ వంటకం) ఆర్డర్ చేసేవాళ్లు ముందు అడిగేది "చేప ఫ్రెష్షేనా?" అని. అసలు అడగాల్సింది "ఫ్రీజ్ చేసిందేనా?" అని.

సముద్రం మనకు వందల కిలోమీటర్ల దూరం. వంజరం, చందువ లాంటివి తీరం నుంచి ఐసులో ముషీరాబాద్ మార్కెట్‌కు చేరతాయి. కన్ను ఉబ్బెత్తుగా, మొప్పలు ఎర్రగా ఉండి, నొక్కిన చోట కండ తిరిగి పైకి లేస్తే పులుసుకు, వేపుడుకు భేషైన చేపే. పచ్చిగా మాత్రం వద్దు. ఐసు చలి సున్నా దగ్గరే ఆగుతుంది, అనిసాకిస్ లాంటి పురుగుల లార్వాలు దానికి చావవు.

అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ లెక్క ప్రకారం పచ్చిగా తినే చేపను మైనస్ 20 డిగ్రీల్లో 7 రోజులు, లేదా మైనస్ 35లో గడ్డకట్టించి అదే చలిలో 15 గంటలు ఉంచాలి. ఇంటి ఫ్రిజ్ పై అర సాధారణంగా మైనస్ 18 దగ్గరే ఉంటుంది, తలుపు తీసినప్పుడల్లా ఆ చలి ఇంకా తగ్గుతుంది. కాబట్టి ఇంట్లో ప్రయోగాలు వద్దు.

అయితే ఫ్రీజింగ్ పురుగుల్ని చంపుతుంది గానీ బ్యాక్టీరియాను ఆపి ఉంచుతుందంతే. చేపను 4 డిగ్రీల లోపు, ఫ్రిజ్‌లోనే కరిగించాలి. ట్యూనాను చల్లగా ఉంచకపోతే అందులో హిస్టమిన్ అనే, అలర్జీలాంటి బాధ తెచ్చే పదార్థం పుడుతుంది, అది వండినా పోదు. నాలుక మిరియం కొరికినట్టు చురుక్కుమంటే ముక్క వదిలేయండి.

కొర్రమీను బతికున్నది తెచ్చినా సుషీకి పనికిరాదు. మంచినీటి చేపల్లో పరాన్నజీవుల బెడద వేరు. గర్భిణులైతే ఉడికించిన రొయ్యతో చేసే ఎబి అడగొచ్చు.