జిల్లా పేజీ: ఒక మామిడి రైతు సమీక్ష

మా ఇంటికి దినపత్రిక, దాంతోపాటు చిత్తూరు జిల్లా అనుబంధం ఏళ్ల తరబడి వస్తున్నాయి. బంగారుపాళ్యం దగ్గర మాకు తోతాపురి రకం మామిడి తోట ఉంది. అందుకే పొద్దున్నే నేను ముందు తిప్పేది జిల్లా పేజీనే.

ముందుగా మండల విలేకరులను మెచ్చుకోవాలి. 2025 సీజన్‌లో మామిడి గుజ్జు (పల్ప్) తీసే ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరినప్పుడు టోకెన్లు ఎక్కడిస్తున్నారు, ఏ ర్యాంపులో (కాయ కొనే చోట) ఎంతకు కొంటున్నారు అన్నది ఈ పేజీ చూసే తెలుసుకున్నాం. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇవ్వాలని తేల్చాక రైతు చేతికి నిజంగా ఎంత వస్తోందో అడిగి రాసిందీ వాళ్లే. కంట్రిబ్యూటర్లని పిలిచే ఈ మండల విలేకరుల్లో చాలామందికి నెల జీతం ఉండదు, అచ్చయిన వార్తను బట్టే డబ్బులు. అయినా ఎండలో తిరిగి రాశారు.

అసంతృప్తి వేరే చోట ఉంది. ధర ఎందుకు పడిపోయింది? కాపు ఎక్కువ, ఫ్యాక్టరీల్లో పాత పల్ప్ మిగిలిపోయింది అని చెప్పి మా పేజీ ఆగిపోయింది. అదెందుకు మిగిలింది? ఎగుమతులు తగ్గడానికి చెప్పిన కారణాల్లో పశ్చిమాసియా యుద్ధం ఒకటి. 2023 నవంబరు నుంచి ఎర్ర సముద్రంలో యెమెన్‌లోని హూతీ తిరుగుబాటుదారులు ఓడల మీద దాడులు చేయడంతో చాలా ఓడలు సూయజ్ దారి వదిలి ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్లాయి, రవాణా ఖర్చు పెరిగింది. మన దేశపు మామిడి పల్ప్ కొనేవాళ్లలో సౌదీ, నెదర్లాండ్స్‌తో పాటు యెమెన్ కూడా ఉంది. యెమెన్ వార్త లోపలి పేజీలో వచ్చింది, బంగారుపాళ్యం వార్త జిల్లా పేజీలో వచ్చింది. రెండిటినీ కలిపిన వార్త నా కంటపడలేదు.

పక్క రాష్ట్రం విషయంలోనూ అంతే. ఆ జూన్‌లో బయటి తోతాపురి మన జిల్లాలోకి రాకుండా ఆపారు. కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య మన ముఖ్యమంత్రికి లేఖ రాశారని చదివాం. మన ఫ్యాక్టరీలనే నమ్ముకున్న కర్ణాటకలోని శ్రీనివాసపురం రైతు ఏమంటున్నాడో మాత్రం ఎవరూ అడగలేదు. అతనిదీ మా కష్టమే కదా!

చేయలేక కాదు. ఎర్రచందనం పట్టుబడితే శేషాచలం అడవి నుంచి చెన్నై మీదుగా చైనా దాకా దుంగ ఎలా పోతుందో ఇదే పేజీలో వివరంగా రాస్తారు. ఆ శ్రద్ధ మామిడి మీదా పెట్టాలి.

ఐదుకు మూడున్నర ఇస్తాను. కోతలకు ముందే, మే నెలలో, ఫ్యాక్టరీల్లో ఎంత సరుకు మిగిలింది, ఏ దేశం ఆర్డర్లు తగ్గించింది అని అరపేజీ వేస్తే మేమంతా ఒకేసారి కాయ కోసుకుని రోడ్డు మీద నిలబడే బాధ కొంతైనా తగ్గుతుంది. మా విలేకరికి ఈ మాటే చెప్పాను. డెస్క్‌వాళ్లతో మాట్లాడతానన్నాడు. ఈ ఏడాది చందా కూడా కట్టేశాను.