పడుగు ఎవరు ఎక్కిస్తారు? ఏడేళ్ల సభ్యత్వం తర్వాత మా నేత, ఫెల్ట్ సంఘం గురించి

నేత, ఫెల్ట్ (ఉన్నిని నేయకుండా తడిపి, రుద్ది బిగించే గుడ్డ) నేర్పే ఈ సంఘంలో చేరి 7 ఏళ్లు దాటింది. ఇంతవరకు 19 వర్క్‌షాపుల్లో కూర్చున్నాను. ప్రసంగాలు 40కి తక్కువ విని ఉండను. వాటి ఆనవాళ్లన్నీ నా అలమరలో ఉన్నాయి: అంచులు వంకరపోయిన మఫ్లర్లు రెండు, ఒంటికాలి ఉన్ని చెప్పు ఒకటి, రంగు వెలిసిన నూలు చిలపలు, ఎందుకు మొదలుపెట్టానో గుర్తులేని ముక్కలు ఓ సంచెడు. చేరవచ్చా అని అడిగిన వాళ్లకు చేరమనే చెబుతాను. అయితే వర్క్‌షాపు ప్రకటన కనబడగానే ఏ వస్తువు చేయిస్తారో చూసి మురిసిపోవద్దు. పడుగు (నేతకు ముందు మగ్గం మీద బిగించే నిలువు పోగులు) ఎవరు ఎక్కిస్తారని ముందుగా అడగండి.

ఇది అనుభవం మీద తెలిసిన ప్రశ్న. నా మొదటి వర్క్‌షాపు రెండు రోజుల మఫ్లర్ నేత. వెళ్లేసరికి బల్లల మీద చిన్న మగ్గాలు బారుగా ఉన్నాయి. పడుగు బిగించి, పోగులన్నీ దూర్చి, కండెలు కూడా చుట్టి పెట్టారు. అడ్డపోగును మోసే నాడెను మేం అటూ ఇటూ ఆడించడమే తరువాయి. రెండో రోజు సాయంత్రానికి అందరి మెడల్లోనూ మఫ్లర్లు, అందరి ముఖాల్లోనూ వెలుగు. ఆ ఉత్సాహంలోనే సంఘం నుంచి మగ్గం అరువు తెచ్చుకున్నాను. ఇంట్లో దాని ముందు కూర్చున్నాక తెలిసింది, నాకు వచ్చింది నేతలో పదో వంతు కూడా కాదని. ఎన్ని పోగులు కావాలి, ఎంత పొడవు తీయాలి, వరస చెదరకుండా ఎలా పట్టుకోవాలి, ఏదీ తెలియదు. మూడు నెలలు దుమ్ము తుడిచి తిరిగి ఇచ్చేశాను.

ఏడాది తర్వాత మూడు రోజుల వర్క్‌షాపు ఒకటి పెట్టారు. అంశం పడుగు తయారీ మాత్రమే. వచ్చింది ఏడుగురం. మొదటి రోజు నూలును స్కేలు చుట్టూ పక్కపక్కనే, బిగించకుండా, ఒక అంగుళం మేర చుట్టి లెక్కపెట్టమన్నారు. నాకు 20 చుట్లు వచ్చాయి. పడుగుతో పాటు పేకకు, అంటే అడ్డపోగులకు కూడా చోటు కావాలి కాబట్టి సాదా నేతకు అందులో సగం, అంగుళానికి 10 పోగులు. ఏటవాలు గీతలు వచ్చే ట్విల్ నేతలో పోగులు తక్కువ సార్లు దాటుకుంటాయి, దానికి సుమారు మూడింట రెండు వంతులు, అంటే 13. ఇంత చిన్న లెక్క అంతకుముందు ఏ మఫ్లర్ వర్క్‌షాపులోనూ నా చెవిన పడలేదు. నా మొదటి మఫ్లర్ అట్టముక్కలా ఎందుకు బిగుసుకుపోయిందో అప్పుడు అర్థమైంది.

రెండో రోజంతా కత్తెర వేయడం, చుట్టడం, దూర్చడం. కత్తెర అంటే కోసేది కాదు; పోగులు ఒకదాని మీదుగా ఒకటి దాటేలా పట్టి ఉంచే ఎనిమిది అంకె లాంటి మలుపు. అది జారిందా, అంతా చిక్కుముడే. నాది జారింది. ఉపాధ్యాయురాలు విప్పిపెట్టలేదు. పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, ఏ పోగు ముందు తీయాలో నన్నే చెప్పమన్నారు. గంటన్నర పట్టింది. ఆ గంటన్నరా ఆవిడ మీద నాకు వచ్చిన కోపం ఇక్కడ రాయదగ్గది కాదు.

మూడో రోజు అసలు ఘట్టం. ఎట్టకేలకు నేయడం మొదలుపెట్టాం. ఒక జానెడు బట్ట వచ్చిందో లేదో, ఆవిడ కత్తెర (ఈసారి కోసేదే) పట్టుకుని వచ్చి ఒక్కో మగ్గం మీద ఒక్కో పడుగు పోగు తెంపేశారు. గదిలో గగ్గోలు. తర్వాత ఆవిడ కొత్త పోగును మగ్గం మీద పాత పోగు దూరిన అదే కంటిలోంచి, దువ్వెన లాంటి అచ్చులోని అదే సందులోంచి దూర్పించారు. నేసిన బట్టలో గుండుసూది గుచ్చి, ఆ పోగు కొసను దాని చుట్టూ తిప్పి బిగించమన్నారు. రెండో కొసకు బరువు కట్టి మగ్గం వెనక వేలాడదీయించారు. అంతే, నేత సాగిపోయింది. బట్ట దిగాక ఆ కొసలను సూదితో లోపలికి దూర్చేస్తే తెగిన చోటు వెతికినా దొరకదు. అప్పటివరకు పోగు తెగితే ప్రాణం పోయినట్టు ఉండేది నాకు. ఆ మూడు రోజులకు నేను ఇంటికి తెచ్చుకున్నది జానెడు గుడ్డ. వర్క్‌షాపు అభిప్రాయాల పత్రంలో ఇద్దరు "ఏమీ చేయించలేదు" అని రాశారట. ఆ వర్క్‌షాపు మళ్లీ పెట్టడానికి సంఘం రెండేళ్లు తటపటాయించింది.

ఫెల్ట్ వైపు ఈ సమస్య కొంత తక్కువ, ఎందుకంటే అక్కడ ముందే చేసిపెట్టగలిగింది పెద్దగా ఉండదు. ఏకిన ఉన్నిని పలచగా అడ్డంగా ఒక పొర, నిలువుగా ఒక పొర పరచి, గోరువెచ్చని సబ్బునీళ్లు చల్లి రుద్దడమే. ఉన్ని వెంట్రుక మీద కంటికి కనబడని పొలుసులుంటాయి. తడి, వేడి, సబ్బు తగిలి కదులుతుంటే వెంట్రుకలు ఒకదానిలోకి ఒకటి పాకి, ఆ పొలుసుల వల్ల వెనక్కి రాలేక బిగుసుకుంటాయి. ఏకు మేకైందని మనం మనుషుల గురించి అంటాం కానీ, దాన్ని కళ్లారా చూడాలంటే ఇక్కడే చూడాలి.

కాకపోతే కుంచించుకుపోయే లెక్క ఎవరూ సరిగా చెప్పరు. నా ఒంటికాలి చెప్పు కథ అదే. పాదం కొలతకు కాస్త పెద్దగా అట్ట కత్తిరించి ఉన్ని కప్పితే, చివరికి పసిపిల్లల కాలికి సరిపోయే చెప్పు తయారైంది. రెండోది చేసే ధైర్యం చాలలేదు. తర్వాత వేరే ఉపాధ్యాయుడి దగ్గర నేర్చుకున్నది ఇది: ముందు 20 సెంటీమీటర్ల చదరం ఒకటి చేసి చూడాలి. నాది 13కి దిగింది, అంటే 35 శాతం పోయింది. 26 సెంటీమీటర్ల చెప్పు కావాలంటే 26ను 0.65తో భాగించి 40 సెంటీమీటర్ల అట్ట కోయాలి. ఉన్ని మారినా, పొరల మందం మారినా, రుద్దే చేయి మారినా అంకె మారుతుంది. అందుకే ఎవరి నమూనా వాళ్లే చేసుకోవాలి. నమూనాకు సగం రోజు పోతుందని చాలా వర్క్‌షాపులు దాన్ని ఎగరగొట్టేస్తాయి.

ఇంకో ముచ్చట. ఒకసారి ఇద్దరు కొత్తవాళ్లు వాషింగ్ మెషీన్‌లో వేసుకోవచ్చని చీటీ ఉన్న ఉన్ని నూలు తెచ్చారు. మెషీన్‌లో బిగుసుకోకూడదనే ఆ నూలు పొలుసులను రసాయనాలతో అణచి, పైన పూత వేస్తారు. పాపం వాళ్లు గంటసేపు రుద్దారు. నురగ తప్ప ఏమీ రాలేదు. తెచ్చుకోవలసిన వస్తువుల జాబితాలో ఒక్క వాక్యం రాసి ఉంటే సరిపోయేది. అడిగాను, ఇప్పుడు రాస్తున్నారు. బల్లల ఎత్తు గురించి కూడా అడిగాను, అది ఇప్పటికీ మారలేదు; వంగి రుద్దిన రోజు రాత్రి నడుము చెప్పే సంగతులు వేరే. సూది ఫెల్టింగ్ మీద నాకు పెద్ద అభిప్రాయం లేదు. ముళ్ల సూదితో పొడిచి బొమ్మలు చేస్తారు, వేళ్లూ పొడుచుకుంటారు, పిల్లలతో వచ్చేవాళ్లకు సరదాగానే ఉంటుంది.

రంగుల వర్క్‌షాపుల్లో మళ్లీ మొదటి జబ్బే. ఉన్ని బరువులో 10 నుంచి 15 శాతం పటిక కలిపిన నీళ్లలో మెల్లగా కాచి పెడితే కానీ మంజిష్ఠ లాంటి రంగు గట్టిగా పట్టదు. ఆ పని ముందు రోజే ఎవరో చేసి పెట్టేస్తారు. మనం ముంచి తీసి ఎర్రగా వచ్చిందని చప్పట్లు కొడతాం. ఇంట్లో నేను చేసినవే అలమరలోని వెలిసిన చిలపలు.

ప్రసంగాల సంగతికి వస్తే, మొదటి రెండేళ్లు వాటిని కాలక్షేపమనుకుని సగం ఎగ్గొట్టాను. చీకటి గదిలో గంటసేపు బొమ్మలు తిప్పే ప్రసంగాలు ఇప్పటికీ నాకు నిద్రమాత్రలే. నా అభిప్రాయం మార్చినది ఫెల్ట్ చరిత్ర మీద ఒక సాయంత్రం. వక్త ఆల్టాయ్ పర్వతాల్లోని పజిరిక్ సమాధుల గురించి చెప్పారు. లోపలికి చేరిన నీరు గడ్డకట్టి కరగకపోవడంతో రెండు వేల ఏళ్లకు పైబడిన ఉన్ని వస్తువులు పాడవలేదు. 1949లో అక్కడ దొరికిన ముడుల తివాచీ, గోడకు వేలాడదీసే పెద్ద ఫెల్ట్, ఫెల్ట్‌తో చేసిన హంసలు ఇప్పుడు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని హెర్మిటేజ్ మ్యూజియంలో ఉన్నాయి. నేత, ఫెల్ట్ రెండూ ఒకే సమాధిలో పక్కపక్కన ఉన్నాయనగానే, మా సంఘంలో ఆ రెండు వర్గాల మధ్య నడిచే చిల్లర పోట్లాటలు గుర్తొచ్చి అందరూ నవ్వారు.

తర్వాత ఆవిడ కిర్గిజ్ షిర్దక్ తివాచీల దగ్గరికి వచ్చారు. యునెస్కో 2012లో వాటిని తక్షణం కాపాడుకోవలసిన వారసత్వాల జాబితాలో చేర్చింది. ఆ మాట చెప్పి ఊరుకోకుండా మా చేతికి రెండు రంగుల ఫెల్ట్ ముక్కలిచ్చారు. ఒకదాని మీద ఒకటి పెట్టి, కొమ్ముల ఆకారం ఒక్కసారే కోయించి, రంగులు తారుమారు చేసి అతికించమన్నారు. రెండు నమూనాలు వచ్చాయి, పీలిక కూడా మిగలలేదు. ప్రసంగంలోనే నేను వర్క్‌షాపు చూసింది ఆ రోజు. ఆ ముక్కను ఇప్పటికీ సూదుల దిండుగా వాడుతున్నాను.

జూమ్‌లో జరిగే ప్రసంగాలను మొదట ఈసడించాను. కానీ చేతుల పైన కెమెరా పెట్టి చూపిస్తే, పద్నాలుగు మంది భుజాల వెనక నిలబడి మెడ చాచడం కంటే బాగా కనబడుతుంది. ముట్టుకోలేమన్న లోటు మాత్రం పూడదు. వచ్చేవాళ్ల సంఖ్య గురించి కూడా చెప్పాలి: ఎనిమిది మంది వరకు సుఖం. పన్నెండు దాటితే ఉపాధ్యాయుల సమయమంతా చిక్కులు పడ్డ ఇద్దరి దగ్గరే గడిచిపోతుంది. అందులో ఒకరిని నేనే అయి ఉంటాను కాబట్టి ఫిర్యాదు చేయను. అరువిచ్చే పనిముట్లు పాతవైనా పనిచేస్తాయి. ఉన్ని ఏకే యంత్రానికి కొన్ని పళ్లు లేవు, మగ్గం తీసుకునే ముందు కళ్లన్నీ ఉన్నాయో లేదో లెక్కపెట్టుకోండి.

వచ్చే విడతలో రెండు పొరల నేత ఉంది. పడుగు పోగులను ఎత్తే ఫ్రేములు నాలుగున్న మగ్గం మీద ఒకేసారి పైనొక బట్ట, కిందొక బట్ట నేసి, ఒక అంచు కలిపి ఉంచితే మగ్గానికి రెట్టింపు వెడల్పు దుప్పటి వస్తుంది. ప్రకటనలో "మగ్గాలు సిద్ధం చేసి ఉంచుతాం" అని ఉంది. ముందు రోజే వచ్చి నా పడుగు నేనే ఎక్కించుకోవచ్చా అని అడిగాను. 12 అంగుళాలకు, రెండు పొరలకూ కలిపి అంగుళానికి 20 చొప్పున, 240 పోగులు. రావచ్చు, మధ్యాహ్నానికల్లా అయిపోతుంది అన్నారు. నేను మాత్రం రాత్రికి గది తాళంచెవి కూడా అడిగి పెట్టుకున్నాను.