నునావుట్ సీలిఫ్ట్ సర్వీసు: ఏళ్ల తరబడి వాడాక

కెనడా ఉత్తరాన నునావుట్‌లో ఉన్నవి 25 ఊళ్లు. దక్షిణం నుంచి వాటిలో ఒక్కదానికీ రోడ్డు లేదు. విమానంలో రావాలి, లేదా ఓడలో రావాలి. బియ్యం బస్తాలు, ప్లైవుడ్, మంచాలు, టైర్లలాంటి బరువైన సరుకును విమానంలో తెప్పిస్తే ఛార్జీలు సరుకు ధరను మించిపోతాయి. అందుకే అందరూ వేసవి ఓడల మీదే ఆధారపడతారు. జూన్ ఆఖరులోనో జులైలోనో మొదలై అక్టోబరుతో ఆగిపోయే ఈ ఓడల రవాణానే సీలిఫ్ట్ అంటారు. కంపెనీ పేరు రాయడం లేదు. ఐదుకి నేనిచ్చే మార్కులు ఇవీ: ధరకు 4, సరుకు భద్రతకు 3, చెప్పిన తేదీకి చేర్చడంలో 1.

మంచు వల్ల, గాలి వల్ల అయ్యే ఆలస్యానికి ఎవరినీ తప్పు పట్టలేం. 2018లో పడమటి ఆర్కిటిక్‌లో పౌలటుక్, కుగ్లుక్టుక్, కేంబ్రిడ్జ్ బే ఊళ్లకు వెళ్లాల్సిన బార్జిలు, అంటే సరుకు మోసే చదునైన పడవలు, మంచు మూలంగా రద్దయ్యాయి. కొంత సరుకును తర్వాత విమానాల్లో మోయాల్సి వచ్చింది. నా ఫిర్యాదు వేరు. డెక్కు మీద జాగా చాలక మన పెట్టెను మాంట్రియల్ దగ్గరి యార్డులోనే వదిలేస్తారు, ఆ మాట మాత్రం చెప్పరు. ఓడ వచ్చి సరుకు దించాక, ఒడ్డున వెతుక్కుంటే అప్పుడు తెలుస్తుంది. మొదటి ఓడలో అయితే తర్వాతి ఓడ మీద ఆశ పెట్టుకోవచ్చు. ఆఖరి ఓడ ఎక్కకుండా మిగిలిపోతే మళ్లీ వచ్చే జులైయే. కాబట్టి ఆఖరి ఓడకు ఎప్పుడూ బుక్ చేయకండి. ఒకే పనికి కావలసినవన్నీ ఒకే పెట్టెలో పెట్టండి. కిటికీలు ఒక పెట్టెలో, వాటి స్క్రూలు, ఫోమ్ ఇంకో పెట్టెలో పెడితే, రెండోది రాకపోయినప్పుడు మొదటిది ఉండీ లేనట్టే.

ఛార్జీ లెక్క అర్థమైతే చాలా డబ్బు మిగులుతుంది. 1000 కిలోలను, లేదా 2.5 ఘనపు మీటర్లను, ఒక టన్నుగా లెక్కగడతారు; రెండు లెక్కల్లో ఏది ఎక్కువ టన్నులు వస్తే దానికే ఛార్జీ. కొలత పెట్టె బయటి వైపు నుంచి, అడుగు దుంగలతో కలిపి. 4×4×8 అడుగుల పెట్టె అంటే 3.62 ఘనపు మీటర్లు, అంటే 1.45 టన్నుల ఛార్జీ. లోపల 500 కిలోలే ఉన్నా కట్టేది అంతే, 1450 కిలోలున్నా అంతే. టాయిలెట్ పేపరు, డైపర్లతోనే నింపితే గాలికి డబ్బు కట్టినట్టు. అడుగున బియ్యం, కందిపప్పు, గోధుమపిండి, పైన తేలిక సామాను సర్దితే బరువూ జాగా రెండూ కలిసొస్తాయి.

పెట్టె గట్టిగా ఉండాలి. అర అంగుళం ప్లైవుడ్, మూలలకు 2×4 అంగుళాల కర్రలు, అడుగున 4×4 అంగుళాల దుంగలు. సరుకెత్తే లోడరు బండి ఫోర్కులు దూరే సందు లేకపోతే లోడరు వాడు పెట్టెను నెట్టుకుంటూ పోతాడు, అడుగు పగులుతుంది. మేకులు వద్దు, స్క్రూలే వాడండి. డెక్కు మీద పెడితే ఉప్పునీటి జల్లు తగులుతుంది కాబట్టి లోపల మందపాటి ప్లాస్టిక్ పరవాలి. పేరు, ఊరు, బుకింగ్ నంబరు రెండు పక్కలా పైనా మార్కరుతో రాయండి. అంటించిన కాగితం నిలవదు.

స్ప్రే డబ్బాలు, బ్లీచ్, బ్యాటరీలు ప్రమాదకర సరుకు కింద వస్తాయి. వాటికి వేరే పెట్టె, వేరే డిక్లరేషను. చెప్పకుండా ఒక్క స్ప్రే డబ్బా దాచినా మొత్తం పెట్టెను ఆపేస్తారు. చివరి ఓడల్లో వచ్చే నీళ్ల పెయింటు, కూల్‌డ్రింకులు ఒడ్డునే గడ్డకడతాయి. ఒకసారి గడ్డకట్టిన పెయింటు విరిగిన పాలలా గింజలు కడుతుంది, ఇక గోడకు పట్టదు. ఆవకాయ లాంటివి గాజు సీసాల్లో కాకుండా ప్లాస్టిక్ జాడీల్లో పెట్టుకోండి.

ఇకాలుయిట్‌లో పోటుకూ పాటుకూ మధ్య తేడా 11 మీటర్ల దాకా ఉంటుంది. 2023లో లోతు రేవు తెరిచాక అక్కడ ఓడ నేరుగా ఒడ్డుకు చేరుతోంది. చిన్న ఊళ్లు చాలావాటిలో ఇప్పటికీ ఓడ దూరంగా లంగరేస్తుంది. టగ్గు అనే చిన్న లాగుడు పడవ బార్జిని లాక్కొచ్చి ఒడ్డుకు ఆనిస్తుంది. గాలి లేస్తే పని ఆగుతుంది. లోడరు పెట్టెను పోటు గీతకు పైన దించేస్తుంది, అక్కడితో వాళ్ల బాధ్యత అయిపోతుంది. ఇంటికి తెచ్చుకోవడం మన పని. అందుకే పికప్పును ముందే మాట్లాడి పెట్టుకోవాలి.

రసీదు మీద సంతకం పెట్టే ముందు పెట్టె నాలుగు వైపులా ఫొటోలు తీయండి. పగులు, తడి కనిపిస్తే రసీదు మీదే రాయండి. ఒట్టి సంతకం పెడితే తర్వాత వాదించడం కష్టం. లోపలి నష్టం ఉంటే ఓడ సరుకు రవాణాకు వర్తించే హేగ్-విస్బీ అంతర్జాతీయ నియమాల ప్రకారం మూడు రోజుల్లో రాతపూర్వకంగా తెలపాలి. లోపలి వస్తువులను బిల్ ఆఫ్ లేడింగ్‌లో, అంటే ఓడ కంపెనీ ఇచ్చే సరుకు పత్రంలో, విడివిడిగా రాయించండి, లేకపోతే పెట్టె మొత్తాన్నీ ఒకే వస్తువుగా లెక్కేసి పరిహారానికి పరిమితి పెడతారు. ఇన్సూరెన్సు వేరుగా తీసుకోవాలి. ఛార్జీలోనే ఉందని చాలామంది పొరబడతారు.

ఇన్ని లోపాలున్నా మానలేం. పప్పుబియ్యాలు పన్నెండు నెలలకు కాక పద్నాలుగు నెలలకు సరిపడా తెప్పించుకుంటే ఓడ ఆలస్యమైనా గడుస్తుంది. కంపెనీ మార్చుకోవలసింది ఒక్కటే: ఓడ కదిలిన రోజునే, అందులోకి ఎక్కిన పెట్టెల నంబర్లు ప్రతి బుకింగుకూ మెయిల్ చేయాలి. ఏది రావడం లేదో అప్పుడే తెలిస్తే అత్యవసరమైన వాటిని విమానంలో తెప్పించుకుంటాం, మిగతావాటిని తర్వాతి ఓడకు మార్పించుకుంటాం.