బెంగళూరు ‘రాగి సరి’ పొడి: పిల్లలకు ఎంతవరకు సరిపోతుంది?

బెంగళూరు కొట్లలో ‘రాగి సరి’ పేరుతో దొరికే పొడి మన ఉగ్గు లాంటిదే. మొలకెత్తించిన రాగులతో చేసినదే కొనండి. మొలకల్లోని అమైలేజ్ అనే ఎంజైము పిండిపదార్థాన్ని విడగొట్టి జావను పలచబరుస్తుంది. అందుకే పొడి కాస్త ఎక్కువ వేసినా ముద్దకట్టదు, చిన్న పొట్టకు ఎక్కువ బలం అందుతుంది. ఈ విషయంలో ఇది నిజంగా మంచి సరుకు.

చిక్కంతా మాంసకృత్తుల దగ్గరే. 100 గ్రాముల రాగుల్లో ఉండేవి 7 గ్రాములే, అందులోనూ లైసిన్ (ఒంటికి తిండి నుంచే అందాల్సిన మాంసకృత్తుల భాగం) తక్కువ. 30 గ్రాముల పొడికి వచ్చేది రెండు గ్రాముల చిల్లర. ఏడాది నుంచి మూడేళ్ల పిల్లలకు రోజుకు సుమారు 12 గ్రాములు కావాలి. ప్యాకెట్ మీద పదార్థాలను బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు రాస్తారు. పెసలో సెనగలో రెండో స్థానంలో లేకపోయినా, చక్కెర ముందున్నా ఆ ప్యాకెట్ వదిలేయండి.

పొడిని ముందు చల్లటి నీళ్లలో ఉండల్లేకుండా కలిపి, సన్నసెగ మీద 8 నిమిషాలు ఉడికించాలి. దించాక ఉడికిన గుడ్డు మెదిపి కలిపితే మరో 6 గ్రాముల మాంసకృత్తులు చేరతాయి. గుడ్డు తినని ఇళ్లలో ముద్దపప్పు, పెరుగు విడిగా పెట్టండి.

పిల్లల రెండు పాదాలూ ఉబ్బి, వేలితో నొక్కిన చోట గుంట నిలిచిపోతే మాత్రం అది తీవ్రమైన పోషకాహార లోపం కావచ్చు, ఏ పొడీ చాలదు. ఆ రోజే డాక్టరుకు చూపించండి.