ఏడేళ్లు వాడాక: ఇంట్లో ఫైల్, ప్రింటర్ షేరింగ్ గురించి నా మాట

తెనాలిలో మాది రెండంతస్తుల ఇల్లు. కింద హాల్లో మామయ్యగారి డెస్క్‌టాప్ ఉంటుంది. నలుపు తెలుపు లేజర్ ప్రింటర్ దానికే యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించి ఉంటుంది. పైన గదిలో నేను పదో తరగతి పిల్లలకు లెక్కల ట్యూషన్ చెబుతాను. ప్రశ్నపత్రం తీయాలంటే ప్రతిసారీ పెన్‌డ్రైవ్ పట్టుకుని మెట్లు దిగాలి. విసుగొచ్చి 2018లో ఆ కంప్యూటర్లోని ఒక ఫోల్డర్‌నీ, ప్రింటర్‌నీ నా ల్యాప్‌టాప్‌కి షేర్ చేసుకున్నాను. అంతకుముందు విండోస్‌లో ఇంటి కంప్యూటర్ల షేరింగ్ కోసం హోమ్‌గ్రూప్ అనే ఏర్పాటు ఉండేది, ఒక్క పాస్‌వర్డ్ కొడితే పనైపోయేది. ఆ ఏడాదే విండోస్ 10 వెర్షన్ 1803తో దాన్ని తీసేశారు. అప్పటినుంచి చేతితో సెట్ చేసుకున్న షేరింగే మాకు ఆధారం.

అందరికీ ముందుగా వచ్చే కష్టం, నెట్‌వర్క్ జాబితాలో అవతలి కంప్యూటర్ కనిపించకపోవడం. ఆ జాబితా చూసి కంగారు పడకండి. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ పైనున్న అడ్రస్ బార్‌లో నేరుగా \\192.168.1.50 అని, అంటే అవతలి కంప్యూటర్ ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దానికుండే నంబర్) కొట్టి చూడండి. తెరుచుకుందంటే షేరింగ్ బాగానే ఉన్నట్టు, సాధారణంగా పేరు చాటుకునే పని ఒక్కటే ఆగినట్టు. అప్పుడు షేర్ చేసిన కంప్యూటర్లో ఫంక్షన్ డిస్కవరీ రిసోర్స్ పబ్లికేషన్ అనే సర్వీస్‌ని ఆటోమేటిక్‌లో పెడితే చాలు. తెరుచుకోకపోతే నెట్‌వర్క్ ప్రొఫైల్ (పబ్లిక్ లేదా ప్రైవేట్ అనే సెట్టింగ్) చూడాలి. రూటర్ మారిస్తే విండోస్ దాన్ని కొత్త చోటుగా లెక్కేసి పబ్లిక్‌లో పెట్టేస్తుంది, ఫైర్‌వాల్ తలుపు మూసేస్తుంది. మా ఇంటి నెట్ కనెక్షన్ మార్చిన రోజు జరిగింది ఇదే. ప్రైవేట్‌కి మార్చగానే తెరుచుకుంది.

నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టింది మాత్రం పై అంతస్తులో సిగ్నల్ కోసం పెట్టిన రెండో రూటర్. ఐపీ అడ్రస్ కొడితే కింది కంప్యూటర్ తెరుచుకునేది, పేరు కొడితే దొరికేది కాదు. కింద నుంచి నా ల్యాప్‌టాప్‌లోకి రావడం అసలు కుదరలేదు. కారణం తెలియక వారం రోజులు తిప్పలు పడ్డాను. చివరికి రెండు కంప్యూటర్ల ఐపీలు పక్కపక్కన రాసుకుంటే తెలిసింది: కింద 192.168.1తో మొదలవుతోంది, పైన 192.168.0తో. ఒకే ఇంట్లో రెండు వేరు నెట్‌వర్క్‌లు! రెండో రూటర్‌ని వేరే నెట్‌వర్క్ తయారు చేయకుండా సిగ్నల్ మాత్రమే ఇచ్చే యాక్సెస్ పాయింట్ మోడ్‌కి మార్చాక అంతా ఒకటైంది. ఆ రోజే మెయిన్ రూటర్లో డెస్క్‌టాప్‌కి ఒక ఐపీని రిజర్వ్ చేశాను. ఇప్పటిదాకా మళ్లీ మారలేదు.

ఇక పాస్‌వర్డ్ సంగతి. మామయ్యగారు రోజూ పిన్‌తో లాగిన్ అవుతారు. ఆ పిన్ నెట్‌వర్క్‌లో పనికిరాదు, అకౌంట్ అసలు పాస్‌వర్డే కావాలి. అందుకే ఆ కంప్యూటర్లో షేరింగ్ కోసమే ఒక లోకల్ అకౌంట్ తెరిచి, దాని వివరాలు నా ల్యాప్‌టాప్‌లో విండోస్ పాస్‌వర్డ్‌లు దాచే క్రెడెన్షియల్ మేనేజర్‌లో పెట్టాను. పాస్‌వర్డ్ రక్షణ ఆపేస్తే సులువని చాలామంది చెప్తారు. నేను ఒప్పుకోను. ట్యూషన్ పిల్లల ఫోన్లు మా వైఫైలోనే ఉండేవి, ఆ ఫోల్డర్లో మామయ్యగారి పెన్షన్ కాగితాలుంటాయి. అందుకే తర్వాత పిల్లలకు గెస్ట్ వైఫై కూడా వేరుగా పెట్టాను. ఫైల్ షేరింగ్‌కి పాత పద్ధతైన ఎస్‌ఎంబీ 1ని మళ్లీ ఆన్ చేయమనే సలహా కూడా వినకండి. 2017 మేలో ప్రపంచాన్ని వణికించిన, ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వానాక్రై వైరస్ వ్యాపించింది ఆ పాత పద్ధతిలోని లోపం ద్వారానే.

ఫోల్డర్ తెరుచుకుంటుంది కానీ సేవ్ కాదు అంటే ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో షేరింగ్ ట్యాబ్‌తో పాటు సెక్యూరిటీ ట్యాబ్ కూడా చూడండి. రెండు చోట్లా అనుమతి ఉండాలి.

ప్రింటర్ విషయంలో నాకు ఫైళ్లంత తృప్తి లేదు. 2021 జులైలో ప్రింట్‌నైట్‌మేర్ అనే లోపం బయటపడ్డాక ప్రింటింగ్ భద్రతను వరుసగా బిగించారు. సెప్టెంబర్ అప్‌డేట్ తర్వాత చివర 11బి అనే ఎర్రర్‌తో నా ప్రింట్లు ఆగిపోయాయి, మర్నాడే పిల్లలకు పరీక్ష. విండోస్ లోపలి సెట్టింగులుండే రిజిస్ట్రీలో ఒక విలువ సున్నా చేస్తే పోతుందన్నారు. అది ఆ రక్షణనే తీసేయడం కాబట్టి చేయలేదు. ప్రింటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్ అయిన డ్రైవర్‌ని నా ల్యాప్‌టాప్‌లోనే ఇన్‌స్టాల్ చేసి, లోకల్ పోర్ట్ అని ఎంచుకుని, పోర్ట్ పేరుగా షేర్ చేసిన ప్రింటర్ నెట్‌వర్క్ అడ్రస్ ఇచ్చాను. రాత్రి పదకొండున్నరకు మొదటి కాగితం బయటికొచ్చింది. ఆ చప్పుడు పైకి వినిపించినప్పుడు కలిగిన ఊరట ఇప్పటికీ గుర్తుంది.

దీనికున్న అసలు లోటు ఇంకొకటి: కింది కంప్యూటర్ మేలుకుని ఉండాలి. మామయ్యగారు కరెంటు వృథా అని ఆపేసి పడుకునేవారు. స్క్రీన్ పది నిమిషాలకు ఆరిపోయేలా, కంప్యూటర్ మాత్రం స్లీప్‌లోకి వెళ్లకుండా సెట్ చేసి చూపించాక ఒప్పుకున్నారు. ఇప్పుడు పడుకునే ముందు "అమ్మాయ్, ప్రింట్లేమైనా ఉన్నాయా?" అని అడిగే ఆపుతున్నారు.

ఫైళ్ల కోసమైతే ఈ ఏర్పాటు నిస్సంకోచంగా పెట్టుకోండి. ప్రింటర్ పాతదే ఉంటే దీనితో నడిపించుకోవచ్చు. కొత్తది కొనేటట్టయితే మాత్రం ఇంకో కంప్యూటర్ మీద ఆధారపడకుండా, వైఫై గానీ నెట్‌వర్క్ కేబుల్ పోర్ట్ గానీ ఉన్నదే తీసుకోండి. మా ప్రింటర్ మూలపడిన రోజు నేనూ అదే కొంటాను.