జాగ్రత్త: ‘అన్నీ కలిపి’ థీమ్ పార్కు రిసార్టు ప్యాకేజీలు కొనే నెల్లూరు, ఒంగోలు వాళ్లకి

పిల్లల సెలవులు దగ్గరపడే కొద్దీ నెల్లూరు, కావలి, ఒంగోలు వాట్సాప్ గ్రూపుల్లో ఒకే రకం ప్రకటనలు తిరుగుతుంటాయి. ‘థీమ్ పార్కు రిసార్టు, 2 పగళ్లు 1 రాత్రి, నలుగురికి 9,999, అన్నీ కలిపి.’ చెన్నై వైపు పార్కులకీ, హైదరాబాద్ వైపు పార్కులకీ ఇలాగే అమ్ముతున్నారు. కట్టి వెళ్లినవాళ్లకి అక్కడ ఎదురయ్యేది ఇంచుమించు ఒకటే. గేటుకి దూరంగా గది, ఏ రోజుకి చెల్లుతుందో తేలని టికెట్టు, ఏది అడిగినా ‘అది వేరే సార్’ అనే జవాబు, ఖాళీ చేసేటప్పుడు ఇంకో ఐదారు వేల బిల్లు. ఇంకా కొననివాళ్లు మొత్తం చదవండి. కట్టేసినవాళ్లు చివరి భాగం ముందు చదవండి.

పార్కు హోటల్‌కి మామూలు లాడ్జి కంటే రెండింతలు ఎందుకు పెడతాం? పొద్దున్నే నడిచి గేటు దగ్గరికి పోవచ్చు. మధ్యాహ్నం ఎండలో పసివాళ్లు వాడిపోతే గదికి తెచ్చి పడుకోబెట్టి, సాయంత్రం మళ్లీ తీసుకుపోవచ్చు. తడి బట్టలతో కారెక్కే పని లేదు. టికెట్ల క్యూ ఉండదు. ఫ్లోరిడాలో వాల్ట్ డిస్నీ వరల్డ్ 1971లో తెరిచినప్పుడే కంటెంపరరీ హోటల్ లోపల్నించి మోనోరైలు పోయేట్టు కట్టారు. ఇప్పటికీ అక్కడి సొంత హోటళ్లలో దిగినవాళ్లని మిగతా జనం కంటే అరగంట ముందు పార్కులోకి పంపిస్తారు. పార్కు హోటల్ విలువంతా ఈ సౌకర్యంలోనే ఉంది, లాబీలో బొమ్మలూ గోడల మీద రంగులూ దాని తర్వాతే. మనకి వస్తున్న ప్యాకేజీల్లో ఫొటోలు లాబీవి, కోత మాత్రం ఈ సౌకర్యంలో.

అన్నిటికంటే పెద్ద దెబ్బ టైము దగ్గర తగులుతుంది. మన వైపు పార్కులు చాలామటుకు పదిన్నర, పదకొండుకి తెరిచి ఆరు, ఏడుకల్లా మూసేస్తాయి. వాటర్ రైడ్లు అంతకంటే ముందే ఆపేస్తారు. హోటల్ గది ఇచ్చేది మధ్యాహ్నం 2కి, ఖాళీ చేయించేది మర్నాడు 11కి. ఇప్పుడు లెక్క వేసుకోండి. టికెట్టు దిగిన రోజుదైతే, గది తీసుకుని, సామాను పెట్టి, తిని, గేటు దాటేసరికి మూడున్నర. వాటర్ రైడ్లు మూసే వేళ అప్పుడే దగ్గరపడుతుంటుంది. టికెట్టు మర్నాటిదైతే, పార్కు తెరిచే వేళకే గది పోతుంది. సాయంత్రం నీళ్లలోంచి వచ్చిన పిల్లల్ని ఎక్కడ స్నానం చేయించాలి, సూట్‌కేసులు ఎక్కడ పెట్టాలి అన్నదానికి జవాబు దొరకదు. ‘2 పగళ్లు’ అని రాసినా చేతికి దక్కేది ఒక ముక్క పగలే.

అందుకే నెల్లూరు నుంచి చెన్నై వైపు వెళ్లేవాళ్లు దిగిన రోజుకే టికెట్టు తీసుకోవడం మేలు, కానీ పొద్దున్నే హోటల్లో సామాను పెట్టుకుని చేతికి పార్కు ఎంట్రీ బ్యాండు కట్టించుకునే వీలుంటేనే. చెన్నై 175 కిలోమీటర్లే కదా అని ఏడింటికి బయల్దేరితే కుదరదు. ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీదున్న పార్కులు నగరానికి అవతలి చివర ఉన్నాయి. తడ, గుమ్మిడిపూండి, రెడ్‌హిల్స్ దాటాక అసలు ప్రయాణం మొదలవుతుంది. అయిదింటికి కదలాలి. మొదటిరోజు పార్కు, రాత్రి గది, మర్నాడు హోటల్ స్విమ్మింగ్ పూల్, టిఫిను, 11కి ఖాళీ. ఒంగోలు నుంచి హైదరాబాద్ వెళ్లేవాళ్లకి ఈ వరస పనికిరాదు. అద్దంకి, నార్కెట్‌పల్లి రోడ్డున ఎంత తొందరగా పోయినా చేరేసరికి మధ్యాహ్నమవుతుంది. వాళ్లు రెండోరోజు టికెట్టు తీసుకుని, ఖాళీ చేశాక సామాను గది, స్నానాల గది సాయంత్రం దాకా వాడుకోవచ్చని ముందే రాయించుకోవాలి. ఫోన్లో ‘చూద్దాం సార్’ అన్నది లెక్కలోకి రాదు.

తర్వాత దూరం. ‘పార్కు పక్కనే’, ‘పార్కు వ్యూ’, ‘2 నిమిషాలు’ లాంటి మాటలు నమ్మొద్దు. మ్యాపులో పార్కు పేరు కొడితే పిన్ను క్యాంపస్ నడిమధ్యలో పడుతుంది, గేటు ఇంకో వైపు ఉండొచ్చు. హోటల్ నుంచి ఆ పార్కు టికెట్ కౌంటరుకో, పార్కింగుకో డ్రైవింగ్ దారి కొట్టి చూడండి. హైవే మీద అయితే డివైడరు అడ్డం ఉంటుంది, యూటర్న్ కోసం మూడు, నాలుగు కిలోమీటర్లు పోవాల్సి రావచ్చు. పిల్లలతో నడిచి దాటే రోడ్డు కాదది. ‘ఫ్రీ షటిల్’ అంటే రోజుకి ఎన్ని ట్రిప్పులో, ఆఖరి బండి ఎన్నింటికో అడగండి. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి అయితే మధ్యాహ్నం గదికి రావడమన్నది ఉండదు. ఫిల్మ్ సిటీ ప్యాకేజీల్లో ఇంకో తేడా ఉంది. రామోజీ ఫిల్మ్ సిటీ లోపల సితార, తార లాంటి హోటళ్లున్నాయి. వోచరు మీద లోపలి హోటల్ పేరు లేకుండా ‘ఫిల్మ్ సిటీ రిసార్ట్ స్టే’ అని మాత్రమే ఉంటే, అది విజయవాడ హైవే పక్కన ఏ గదైనా కావచ్చు.

‘నలుగురికి’ అన్నమాటలో ఎవరెవరు వస్తారో చూడండి. హోటల్ పిల్లల్ని వయసుతో లెక్కేస్తుంది, పార్కు ఎత్తుతో. పార్కుల్లో చాలాచోట్ల 85 లేదా 90 సెంటీమీటర్ల లోపు ఉచితం, 140 దాకా పిల్లల టికెట్టు, దాటితే పెద్దల టికెట్టు. అయిదో తరగతి చదివే పొడుగు పిల్ల హోటల్‌కి చిన్నదే, పార్కు గేటు దగ్గర పెద్దది. ప్యాకేజీలో ‘ఇద్దరు పిల్లలు’ అంటే చాలాసార్లు ఐదేళ్ల లోపు, అమ్మానాన్నల మంచం మీదే పడుకునేవాళ్లని అర్థం. అదనపు పరుపుకి విడిగా తీసుకుంటారు. బయల్దేరే ముందు గోడకి నిలబెట్టి టేపుతో కొలవండి. పెద్ద రైడ్లకి 120 అనో 140 అనో కనీస ఎత్తు ఉంటుంది, రైడును బట్టి మారుతుంది. గుండె జబ్బు, బీపీ, వెన్నునొప్పి ఉన్నవాళ్లని, గర్భిణుల్ని ఎక్కించరు. నాయనమ్మ, తాతయ్యలకి మామూలు పెద్దల టికెట్టు అంటగట్టనివ్వకండి, సీనియర్ సిటిజన్ టికెట్టు ఉందేమో కనుక్కోండి.

గది విషయంలో అందరూ ఏసీ, టీవీ అడుగుతారు. పార్కు హోటల్లో అడగాల్సింది తడి గురించి. బట్టలు ఆరేసుకోవడానికి బాల్కనీ గానీ స్టాండు గానీ ఉందా? లేకపోతే రాత్రంతా ఏసీ కింద కుర్చీల మీద పరిచినా పొద్దుటికి చెమ్మగానే ఉంటాయి, గదంతా వాసన. గీజరు ఎన్ని లీటర్లది? 15 లీటర్లది ఇద్దరి స్నానానికే అయిపోతుంది, 2 కిలోవాట్లదైతే మళ్లీ కాగడానికి పదిహేను, ఇరవై నిమిషాలు. బాత్రూము గడప లోపలి నేల పల్లంగా ఉండి నీళ్లు జాలీ వైపు పోతున్నాయో లేదో గదిలో అడుగుపెట్టగానే ఒక మగ్గు పోసి చూడండి. నలుగురు వరసగా స్నానం చేసే గదిలో నీళ్లు నిలిస్తే అవి మంచం దాకా వస్తాయి. తాళం తీసుకోకముందు అడిగితే గది మారుస్తారు, సామాను సర్దేశాక మార్చరు.

స్విమ్మింగ్ పూల్లోకి నూలు బట్టలతో రానివ్వరు. అందులో మోసం లేదు, నూలు పోగులు ఊడి ఫిల్టర్లకి అడ్డం పడతాయి. నైలాను, పాలియెస్టర్ లేదా లైక్రా ఉండాలి. ఈ సంగతి అమ్మేటప్పుడు చెప్పకుండా అక్కడ కాస్ట్యూమ్ అద్దె, లాకరు అద్దె, డిపాజిట్ అని మనిషికింత గుంజుతారు. నెల్లూరులోనో ఒంగోలులోనో ముందే కొనుక్కుంటే అవి మనవే అయిపోతాయి. ఇంకోమాట, క్లోరిన్ వాసన గుప్పుమంటే నీళ్లు శుభ్రంగా ఉన్నట్టు కాదు. చెమట, మూత్రం క్లోరిన్‌తో కలిసి ఏర్పడే క్లోరమిన్ల వల్ల ఆ ఘాటు, ఆ కళ్లమంట వస్తాయి. గట్టు మీద నిలబడి చూస్తే లోతు వైపు అడుగునున్న డ్రెయిన్ జాలీ స్పష్టంగా కనిపించాలి. కనిపించకపోయినా, జాలీ విరిగి ఉన్నా పిల్లల్ని దించొద్దు. పంపు లాగుడికి జుట్టు చిక్కుకుంటే పెద్దవాళ్లు కూడా విడిపించలేరు. నీళ్లు రోజూ కొలిచి రాసే రీడింగు పుస్తకం అడగండి. ఫ్రీ క్లోరిన్, అంటే నీళ్లలో ఇంకా ఖర్చు కాకుండా మిగిలున్న క్లోరిన్, కనీసం 1 పీపీఎం (లీటరుకి 1 మిల్లీగ్రాము), పీహెచ్ 7 నుంచి 7.8 మధ్య ఉండాలి. పుస్తకమే లేదంటే కొలవడం లేదన్నమాట.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చెన్నై వైపు కొనేవాళ్లు వాన సంగతి కూడా తేల్చుకోవాలి. మెరుపులు, ఈదురుగాలి ఉంటే ఎత్తు రైడ్లు ఆపేస్తారు, ఆపాలి కూడా. అప్పుడు డబ్బు వెనక్కి ఇస్తారా, తేదీ మారుస్తారా, మార్చిన తేదీకి వీకెండ్ తేడా కట్టమంటారా అనేవి వోచరులోనే ఉండాలి.

బిల్లులో గది, టికెట్టు, భోజనం విడివిడిగా వేయమనండి. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకి 7,500 వరకు ఉన్న గది మీద జీఎస్టీ 5 శాతమే, దాటితే 18. పార్కు టికెట్టుకి 18. అన్నీ ఒకే ముద్దగా చూపించి మొత్తం మీద 18 వేస్తే, 5,000 గది మీదే 650 రూపాయలు అదనంగా పోతాయి. ఇంకా పాత 12 శాతం వేస్తుంటే గట్టిగా అడగండి. హోటల్ భోజనం బిల్లులో సర్వీస్ ఛార్జి తనంతట తాను కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలిచ్చింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. తీసేయమంటే తీసేయాలి.

ఇక షాపింగ్ మాల్లోనో ఎగ్జిబిషన్లోనో పేరు, ఫోన్ నంబరు రాసి డబ్బాలో వేసే కూపన్లు. వారంలో ఫోన్ వస్తుంది: ‘మీకు థీమ్ పార్కు రిసార్టులో రెండు రాత్రులు ఫ్రీ, భార్యాభర్తలిద్దరూ హోటల్‌కి రండి, క్రెడిట్ కార్డు తెచ్చుకోండి.’ రెండు గంటలు కూర్చోబెట్టి హాలిడే క్లబ్ సభ్యత్వం అమ్ముతారు, ‘ఈ రేటు ఈ రోజే’ అంటారు. ఆ ఫ్రీ వోచరు వెనక చిన్న అక్షరాల్లో యుటిలిటీ ఛార్జీలు, తప్పనిసరి భోజనం, పండగ రోజులు చెల్లవు, 45 రోజుల ముందు చెప్పాలి, గది ఖాళీ ఉంటేనే అని వరసగా ఉంటాయి. కార్డు ఇంట్లో పెట్టి వెళ్లండి. అసలు వెళ్లకపోతే ఇంకా మంచిది. కాగితాలు ఇంటికి తీసుకెళ్లి చదువుకుంటామంటే ఇవ్వనివాడి దగ్గర సంతకం పెట్టకండి.

డబ్బు కట్టే ముందు మూడు పనులు చేయాలి. ప్రకటనలోని నంబరుకి కాకుండా పార్కు సొంత వెబ్‌సైటులో ఉన్న నంబరుకి ఫోన్ చేసి, ఈ పేరుతో ఈ తేదీకి బుకింగ్ ఉందా అని అడగండి. సెర్చిలో మొదట వచ్చే ప్రకటన లింకుల్లో నకిలీ సైట్లు ఉంటాయి. జీఎస్టీ నంబరు తీసుకుని జీఎస్టీ పోర్టల్లో వెతికితే ఎవరి పేరున ఉందో కనిపిస్తుంది. మొదటి రెండంకెలు రాష్ట్రానివి: మనది 37, తెలంగాణ 36, తమిళనాడు 33, కర్ణాటక 29. యూపీఐలో కంపెనీ పేరు బదులు ఎవరో ఒక మనిషి పేరు వస్తే ఆగిపోండి. రీఫండ్ రావాలంటే క్యూఆర్ స్కాన్ చేయమన్నా, పిన్ కొట్టమన్నా అది దొంగతనమే. డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు.

ఇప్పటికే మోసపోయినవాళ్లకి. నకిలీ సైటైతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, డబ్బు ఇంకో ఖాతాకి దాటకముందే ఆపించగలిగేది ఆ తొలి గంటల్లోనే. కార్డుతో కట్టి ఉంటే ఆ చెల్లింపు మీద బ్యాంకులో డిస్‌ప్యూట్ (అభ్యంతరం) వేయండి. హోటల్, ఏజెంటు నిజమైనవే అయి మాట తప్పితే ముందు 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. హోటల్ చెన్నైలో ఉందని అక్కడికి తిరగక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుదారు నివాసం ఉన్నచోటే, అంటే నెల్లూరులోనో ఒంగోలులోనో వేయొచ్చు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, గడువు రెండేళ్లు, ఇ-జాగృతి పోర్టల్లో ఇంటినుంచే దాఖలు చేయొచ్చు. ప్రకటన, వోచరు, చెల్లింపు రసీదు, హోటల్ ఆఖరి బిల్లు, గది ఫొటోలు, గేటుకి దూరం చూపించే మ్యాప్ స్క్రీన్‌షాట్ జత చేయండి. వాట్సాప్ చాట్ల ప్రింట్లు పెడితే సాక్ష్యాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియమ్ 63(4) కింద, అవి ఆ ఫోన్లోవేనని చెప్పే సర్టిఫికెట్ కూడా పెట్టాలి. ఆ చాట్ డిలీట్ చేయకండి, కేసు తేలేదాకా ఆ ఫోను అమ్మకండి.