ఐదు శ్రుతి వెదురు వేణువు: ఏళ్ల తరబడి వాయించాక నా అభిప్రాయం

ఈ వేణువు కొనొచ్చా అని అడిగేవాళ్లకు ముందే చెప్పేస్తున్నాను, నిశ్చింతగా కొనొచ్చు. అయితే షాపులో రెండు నిమిషాలు ఊది, నాదం బాగుందని తెచ్చేసుకోకండి. నాదం మొదటి రోజే తెలిసిపోతుంది. శ్రుతి సంగతి తెలియాలంటే ఎండాకాలం, చలికాలం రెండూ దాటాలి. నా దగ్గరున్నది కర్ణాటక సంగీతానికి వాడే ఎనిమిది రంధ్రాల వేణువు. ఐదు శ్రుతి అంటే హార్మోనియం మీద ఐదో తెల్ల మెట్టు దీనికి షడ్జమం (స). తమిళనాడు వైపు చేతిపనివాళ్ల దగ్గర చెప్పి చేయించుకున్నది. విజయనగరంలో రోజూ సాయంత్రం సాధనకీ, వారం వారం గుడిలో భజనకీ, అప్పుడప్పుడు వయొలిన్ పక్కన కూర్చుని కీర్తనలకీ ఇదే వాడుతున్నాను.

వయొలిన్ పక్కన అని ఎందుకు చెప్పానంటే, మా ఊళ్లో దాన్ని తప్పించుకోలేం. 1919లో మొదలైన సంగీత కళాశాల ఇక్కడుంది. దానికి తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు, ఆ తర్వాత వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామినాయుడు. ఆ గాలి తగిలిన ఊరు కాబట్టి వినేవాళ్ల చెవి చాలా గట్టిది. గాంధారం (గ) కాస్త పైకెళ్లినా ముందు వరసలో ఎవరో ఒకరు తల తిప్పి చూస్తారు. వేణువుకి ఇంతకంటే కఠినమైన పరీక్ష ఉండదు.

ముందు రంధ్రాల సంగతి. ఊదే రంధ్రం దగ్గర్నుంచి లెక్కపెడితే, మొదటి రెండు మూస్తే షడ్జమం. ఒక్కటే మూస్తే చతుశ్రుతి రిషభం (రి), అన్నీ తెరిస్తే అంతర గాంధారం. షడ్జమం నుంచి కిందికి దిగుతూ మూడు మూస్తే కైశికి నిషాదం (ని), నాలుగు మూస్తే చతుశ్రుతి ధైవతం (ద), ఐదు మూస్తే పంచమం (ప), ఆరు మూస్తే శుద్ధ మధ్యమం (మ). అంటే వేణువుకి సహజంగా వచ్చేది హరికాంభోజి రాగం. మనకి పాఠాలు మొదలయ్యేదేమో మాయామాళవగౌళ రాగంతో! శుద్ధ రిషభం కోసం రెండో రంధ్రం, శుద్ధ ధైవతం కోసం ఐదోది, కాకలి నిషాదం కోసం మూడోది కొంచెం కొంచెం తెరవాలి. సరళీ స్వరాల్లోనే ఏడు స్వరాల్లో మూడు సగం మూత మీద నడుస్తాయన్నమాట. కొత్తవాళ్లు వేణువు కష్టం అని వదిలేసేది ఇక్కడే. కాబట్టి వేణువు మంచిదో కాదో తేల్చాల్సింది కూడా ఇక్కడే.

సగం అంటాం గానీ సగం తెరిస్తే స్వరం పైకి పోతుంది. నా వేణువు మీద రెండో రంధ్రం మూడో వంతు కంటే తక్కువే తెరుచుకున్నా శుద్ధ రిషభం వచ్చేస్తుంది. కారణం ఉంది. గొట్టంలో కదిలే గాలికి మొదటి సన్నటి సందు దొరకగానే స్వరం గబుక్కున లేస్తుంది. ఆ తర్వాత సందు ఎంత పెద్దది చేసినా పెరుగుదల మందగిస్తుంది. వేలు ఒక వెంట్రుక వాసి జరిగితే మొదట్లో శ్రుతి చాలా కదులుతుంది, చివర్లో కొద్దిగానే. అందుకే వేలి కొనతో కాకుండా వేలి మెత్తటి భాగంతో మూసి, పక్కకి దొర్లించినట్టు తెరవాలి. గమకం, అంటే స్వరాన్ని ఊగించడం కూడా ఆ దొర్లింపులోంచే వస్తుంది. వేణువు విద్వాంసుడు టి.ఆర్. మహాలింగం, అందరూ మాలి అని పిలుచుకునే ఆయన (1926–1986), గాత్రంలో ఉండే గమకాన్ని వేణువు మీదికి తెచ్చారంటే వేళ్ల ఈ పట్టు వల్లే.

ఈ వేణువులో నాకు బాగా నచ్చిన విషయం రంధ్రాల సైజు. అన్నీ ఒకేలా లేవు. కొన్ని కాస్త పెద్దవి, కొన్ని చిన్నవి, అంచులు లోపలివైపు నున్నగా గీసి ఉన్నాయి. శ్రుతిని తేల్చేది రంధ్రం ఉన్న చోటు ఒక్కటే కాదు. అదే చోట పెద్ద రంధ్రం పెడితే స్వరం పైకి, చిన్నది పెడితే కిందికి వస్తుంది. చేసేవాళ్లు ముందు చిన్నగా పెట్టి, ఊదుతూ, శ్రుతి పెట్టెతో పోల్చుకుంటూ కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోతారు. ఎక్కువ పెంచేస్తే మళ్లీ వెనక్కి రాదు. అంచుకి తేనెమైనం రాసి కొంచెం దించడమే దారి. నా వేణువుకి మూడో రంధ్రం అంచున అలాంటి మైనం పూత సన్నగా ఉంది. అది లోపం కాదు, చేసినాయన చెవి పెట్టి పని చేశాడనడానికి గుర్తు. సిరిమానోత్సవం రోజుల్లో కోట దగ్గర బుట్టల్లో పెట్టి అమ్మే రంగు వేణువులు చూడండి. కాల్చిన ఊచతో సమాన దూరాల్లో ఒకే సైజు రంధ్రాలు పెట్టినవే ఎక్కువ. ఒక్కో స్వరం పెరగాలంటే గొట్టం పొడవు ఇంత అని కాదు, ఇన్నో వంతు చొప్పున తగ్గాలి. పన్నెండు స్వరస్థానాల్లో ఒక మెట్టు ఎక్కితే పొడవు సుమారు 5.6 శాతం తగ్గుతుంది. అందుకే పైకి పోయేకొద్దీ దూరాలు దగ్గరపడాలి, లేదా సైజులు మారాలి. ఆ రెండూ లేని వేణువుతో పిల్లలు ఆడుకోవచ్చు, సాధన మాత్రం చెయ్యలేరు.

గొట్టం పొడవు, శ్రుతి లెక్క ఆసక్తి ఉన్నవాళ్లకి ఒక్క మాట. వేణువు రెండు చివర్లా తెరిచి ఉన్న గొట్టంతో సమానం. ఊదే రంధ్రం ఒక చివర, తెరిచి ఉన్న మొదటి వేలి రంధ్రం దాదాపు రెండో చివర. లోపల గాలి అర తరంగంగా ఊగుతుంది. గాలిలో శబ్దం సెకనుకి 345 మీటర్లు పోతుందనుకుంటే, 440 హెర్ట్జ్ స్వరానికి అర తరంగం పొడవు సుమారు 39 సెంటీమీటర్లు. కానీ వేణువు మీద కొలిస్తే అంతకంటే తక్కువే వస్తుంది. ఎందుకంటే ఊగే గాలి గొట్టం అంచు దగ్గరే ఆగిపోదు, కొంచెం బయటికి కూడా వస్తుంది. పెదవి దగ్గర ఈ తేడా ఇంకా ఎక్కువ. పెదవితో ఊదే రంధ్రాన్ని ఎంత కప్పితే స్వరం అంత దిగుతుంది.

దీంతో నా పెద్ద ఫిర్యాదు అర్థమవుతుంది. ఈ వేణువు మీద అంతర గాంధారం స్థిరంగా నిలబడదు. అన్ని రంధ్రాలూ తెరిచి ఊదే స్వరం కాబట్టి పలికే గొట్టం బాగా పొట్టిది. పొట్టి గొట్టంలో పెదవి కదలిక వాటా పెద్దది. గట్టిగా ఊదితే లేస్తుంది, మెత్తగా ఊదితే పడిపోతుంది. ఇది ఈ ఒక్క వేణువు లోపమే అనుకోవడానికి లేదు, ఈ వేళ్ల పద్ధతికే ఉన్న గుణం. కానీ వేరొకరి దగ్గరున్న ఇంకో వేణువు మీద గాంధారం దీనికంటే నిలకడగా ఉంది. అందుకని ఒక మార్కు తగ్గిస్తున్నాను.

గాంధారం గురించి ఇంకొకటి. ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టుకుని సాధన చేసేవాళ్లు దాన్ని గుడ్డిగా నమ్మొద్దు. ఆ యాప్‌లు పియానో మెట్ల ప్రకారం కొలుస్తాయి. తంబూరా తీగలోంచి సహజంగా వినిపించే అంతర గాంధారం ఆ గీత కంటే దాదాపు 14 సెంట్లు కిందికి ఉంటుంది. సెంటు అంటే పియానో మీద పక్కపక్క మెట్ల మధ్య దూరంలో నూరో వంతు. యాప్ తక్కువ అని చూపిస్తున్నా తంబూరాతో కలిపి వింటే తేనెలా ఉంటుంది. పంచమం దగ్గర ఈ గొడవ లేదు, తేడా 2 సెంట్లే. నేను యాప్‌ని షడ్జమ పంచమాలు చూసుకోవడానికే వాడతాను.

గాంధారం నుంచి మధ్యమానికి ఎక్కడం ఈ వాద్యంలో అతుకు ఉన్న చోటు. అన్ని వేళ్లూ తీసి ఉన్న స్థితి నుంచి ఒక్కసారిగా ఆరు వేళ్లూ మూసి, పై స్థాయికి ఊదాలి. అదే గొట్టంలో ఒక అర తరంగం బదులు రెండు ఇమిడేలా చెయ్యడమన్నమాట. నాదం రంగు కూడా మారిపోతుంది. శంకరాభరణంలో గ, మ మధ్య నెమ్మదిగా ఊగించేటప్పుడు ఆ అతుకు వినిపించకుండా చేయడానికి చాలా సాధన పట్టింది. ఈ వేణువులో మధ్యమం సులువుగా ఎక్కుతుంది, దానికి పూర్తి మార్కులు.

కొన్నప్పుడు మధ్య స్థాయి పంచమం మంద్ర (కింది స్థాయి) పంచమంతో సరిగ్గా కలిసేది కాదు, కాస్త తగ్గుగా ఉండేది. చేసినాయన మూసిన చివర కణుపు ఉంచకుండా బెండు (కార్క్) పెట్టాడు. ఇది నా అదృష్టమే. పుల్లతో ఆ బెండుని ఊదే రంధ్రం వైపు ఒక మిల్లీమీటరు పైచిలుకు జరిపాను. పై స్థాయి లేచింది, కింది స్థాయికి దాదాపు ఏమీ కాలేదు. బెండు దూరమైతే పై స్వరాలు దిగుతాయి. ఈ కాలపు పాశ్చాత్య ఫ్లూటుకి రూపం ఇచ్చిన జర్మన్ వాద్యకారుడు థియోబాల్డ్ బోహ్మ్ పద్ధతిలో ఈ దూరం 17 మిల్లీమీటర్లు. మన వేణువుకి అదే అంకె వాడలేం, గొట్టం లోపలి వెడల్పుని బట్టి మారుతుంది. కానీ కొనేటప్పుడు బెండు ఉన్నదే అడిగి తీసుకోండి. కణుపు ఉన్నదైతే తర్వాత చేయగలిగింది చాలా తక్కువ.

ఇక ఎండ. దీని గురించి కొనేటప్పుడు ఎవరూ చెప్పరు. గాలి వేడెక్కితే శబ్దం వేగం పెరుగుతుంది, స్వరం లేస్తుంది. 20 డిగ్రీల నుంచి 35 డిగ్రీలకి వెళ్తే లెక్క ప్రకారం 40 సెంట్లు పైగా పెరుగుతుంది. లోపల మన ఊపిరి వేడి కూడా ఉంటుంది కాబట్టి నిజంగా అంత మారదు. అయినా మే నెల భజనలో హార్మోనియం పక్కన తేడా స్పష్టంగా తెలుస్తుంది. హార్మోనియం తన శ్రుతి నుంచి కదలదు, వేణువే దిగాలి. వేణువుని కొంచెం లోపలికి తిప్పి, పెదవితో ఎక్కువ కప్పి సర్దుకుంటాను. దాంతో నాదంలో ఉండే మెరుపు పోతుంది. ధనుర్మాసం తెల్లవారుజామున పరిస్థితి తలకిందులు. వయొలిన్ వాయించే మాస్టారు తీగలు శ్రుతి చేసుకోబోతుంటే, "మాస్టారూ, ఒక్క పాట ఆగండి, వేణువు ఇంకా వేడెక్కలేదు" అంటాను. "వేడెక్కనీ బాబూ, తొందరేముంది, నీ షడ్జమం నిలబడ్డాకే నేను తీగ పడతాను" అంటారు ఆయన. మొదటి పాటలో ఎక్కినంత తర్వాత ఎక్కదు కాబట్టి అదే సరైన పద్ధతి.

వెదురుని చూసుకోవడం కష్టమేమీ కాదు. లోపల నెలకోసారి నువ్వుల నూనె సన్నగా రాస్తాను, ఊదే రంధ్రం అంచుకి తగలకుండా. వాయించాక లోపలి చెమ్మని బట్టతో తుడిచి సంచిలో పెడతాను. ఒక చలికాలం కింది చివర సన్నటి నెర్రె వచ్చింది. పైకి కనిపించకముందే మంద్ర స్వరాలు బొంగురుపోయాయి. గాలి ఎక్కడ కారినా ముందు దెబ్బతినేవి అవే. నెర్రె మీద జిగురు పూసి దారం గట్టిగా చుట్టాక మళ్లీ పలికింది, ఇప్పటికీ అలాగే ఉంది.

పీవీసీ పైపు వేణువు చాలదా అని చాలామంది అడుగుతున్నారు. నేర్చుకోవడానికి చక్కగా చాలుతుంది. పగలదు, నూనె అక్కర్లేదు. వస్తువుని బట్టి నాదం మారుతుందనే నమ్మకం మనలో గట్టిగా ఉంది గానీ, 1971లో జాన్ కోల్ట్‌మన్ అనే శాస్త్రవేత్త వెండి, రాగి, చెక్క గొట్టాలతో ఒకే కొలతల ఫ్లూట్లు చేయించి వినిపిస్తే శ్రోతలు తేడా పట్టలేకపోయారు. లోపలి వెడల్పు, ఊదే రంధ్రం అంచు, వేలి రంధ్రాల కొలత, ఇవే ముఖ్యం. అయినా నేను వెదురే వాయిస్తాను. పెదవికి తగిలే మెత్తదనం, వేలు జారకుండా ఉండే గరుకు పైపుకి రావు. గమకం ఆ గరుకు మీదే నిలబడుతుంది.

కొనేవాళ్లు మంద్రం నుంచి పైకి మాయామాళవగౌళ ఆరోహణ ఊది చూడండి. శుద్ధ రిషభం, కాకలి నిషాదం వేలి చిన్న కదలికకే వస్తున్నాయా, పంచమం రెండు స్థాయిల్లోనూ కలుస్తోందా, గాంధారం గట్టిగా ఊదినా మరీ ఎగిరిపోకుండా ఉందా చూసుకోండి. ఈ మూడూ బాగుంటే మిగతావి మీ పెదవి సర్దుకుంటుంది. చిన్న చేతులవాళ్లకి, పిల్లలకి ఐదు శ్రుతే సరి, రంధ్రాలు దగ్గరగా ఉంటాయి. ఆడవాళ్లు పాడుతుంటే పక్కన వాయించడానికి కూడా ఇదే ఎక్కువగా కుదిరింది. మగవాళ్ల గొంతుకి ఒకటి, ఒకటిన్నర శ్రుతి పొడవు వేణువు కావాలి, దానికి వేళ్లు బాగా చాచాల్సి ఉంటుంది. ధర జాతరలో దొరికేదానికి ఎన్నో రెట్లు, నేను పెట్టిన ప్రతి రూపాయికీ న్యాయం జరిగింది. అయిదుకి నాలుగు మార్కులు ఇస్తున్నాను. ఆ మిగిలిన ఒక్కటీ గాంధారానిది.